శాంతికి తల్లులు, సభకు పరాయివారు

2017 ఫిబ్రవరి 2న కొహిమాలో మున్సిపల్ కౌన్సిల్ భవనం తగలబడింది. మరికొన్ని ప్రభుత్వ కార్యాలయాలూ మంటల పాలయ్యాయి. అంతకు రెండు రోజుల ముందు, జనవరి 31 రాత్రి, దిమాపూర్‌లో పోలీసు కాల్పుల్లో ఇద్దరు యువకులు మరణించారు. ఆ నెల మూడో వారం ముగిసేసరికి ముఖ్యమంత్రి టి.ఆర్. జెలియాంగ్ పదవి వదులుకోవలసి వచ్చింది. నాగాలాండ్‌లో ఇంతటి కల్లోలం అనగానే సైన్యం దౌర్జన్యమో, సాయుధ ముఠాల వైరమో, సరిహద్దు తగాదానో గుర్తుకు వస్తుంది. ఆ శీతాకాలంలో జరిగింది అవేవీ కావు. పట్టణ పాలక సంస్థల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించి ఎన్నికలు జరపాలని ప్రభుత్వం పూనుకోవడమే దీనంతటికీ మూలం.

ఆ స్థానాల కోసం న్యాయస్థానం మెట్లెక్కినవారు బయటివారు కారు. 2011లో గువాహటి హైకోర్టు కొహిమా బెంచిలో కేసు వేసిన అబేయు మేరు, రోజ్‌మేరీ జువిచు ఇద్దరూ నాగా మదర్స్ అసోసియేషన్‌లో ముఖ్యులు. ఆ సంస్థ పేరు చెబితే నాగా సమాజంలో తుపాకీ పట్టినవాడు కూడా తల వంచుతాడని ప్రతీతి. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకుంటున్న రోజుల్లో అడవిలోని శిబిరాలకు నడిచి వెళ్ళి, ఇక రక్తం చిందించవద్దని వేడుకున్న తల్లులు వీరు. అప్పుడు వీరి మాటకు దారి ఇచ్చిన సమాజమే వార్డు సభ్యత్వం అడిగేసరికి వీధుల్లోకి వచ్చింది.

ఈ వైరుధ్యంలో ఒక చరిత్ర ఉంది. నాగా స్త్రీకి శాంతిదూతగా దక్కిన గౌరవం ఆమె అధికారానికి వెలుపల ఉన్నందుకు దక్కినది. తల్లిగా ఆమె మాట చెల్లింది. పౌరురాలిగా అదే మాట అన్నరోజు చెల్లలేదు.

రెండు ఊళ్ళ ఆడపడుచు

మణిపూర్‌లోని ఉఖ్రుల్ కొండల్లో నివసించే టాంగ్‌ఖుల్ నాగాలకు పూర్వం ఒక ఆచారం ఉండేది. ఒక ఊరి నుంచి మరో ఊరికి కోడలిగా వెళ్ళిన స్త్రీని పుక్రైలా అనేవారు. రెండు ఊళ్ళ మధ్య యుద్ధం వస్తే, ఈటెలు ఎదురెదురుగా నిలిచిన చోట ఆమె నడుమ నిలబడగలిగేది. పుట్టిల్లు ఒకవైపు, మెట్టినిల్లు మరోవైపు. ఆమెపై ఎవరూ చేయి వేయకూడదు. గాయపడినవారిని చూసుకోవడం, చనిపోయినవారి దేహాలను వారివారి ఊళ్ళకు చేర్చడం, పోరు చాలునని ఇరువైపులా చెప్పడం ఆమె పని. తలలు నరకడం వీరత్వానికి గుర్తుగా ఉన్న రోజుల్లో ఇది సామాన్యమైన ఏర్పాటు కాదు.

అయితే ఆ ఏర్పాటుకు ఒక హద్దు ఉండేది. యుద్ధం ఆపమనే హక్కు పుక్రైలాకు ఉంది, యుద్ధం చేయాలా వద్దా అని తేల్చే సభలో ఆమెకు చోటు లేదు. ఊరి పెద్దల సభ పురుషులది. పిత్రార్జిత భూమి పురుషులది. ఏ ఊరి అధికారంలోనూ వాటా లేకపోవడం వల్లనే ఆమె రెండు ఊళ్ళకూ నమ్మదగినదయింది.

ఇరవయ్యో శతాబ్దంలో యుద్ధం రూపం మారింది, ఈ హద్దు మాత్రం అలాగే నిలిచింది. 1929లో సైమన్ కమిషన్‌కు నాగా క్లబ్ విజ్ఞప్తి సమర్పించింది. 1947 ఆగస్టు 14న నాగా నేషనల్ కౌన్సిల్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1958లో సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం వచ్చింది. 1960లో పదహారు అంశాల ఒప్పందం, 1963 డిసెంబరు 1న రాష్ట్ర అవతరణ. 1964లో జయప్రకాశ్ నారాయణ్, విమలా ప్రసాద్ చలిహా, మైఖేల్ స్కాట్‌లతో శాంతి సంఘం ఏర్పడి కాల్పుల విరమణ సాధించింది. 1975లో షిల్లాంగ్ ఒప్పందం, దాన్ని ద్రోహంగా భావించినవారితో 1980లో ఎన్.ఎస్.సి.ఎన్. పుట్టుక, 1988లో అది ఐజాక్–ముయివా, ఖాప్లాంగ్ వర్గాలుగా చీలడం. ఈ కథలో స్త్రీ పేరు అరుదు. శిబిరాలకు అన్నం మోసినవారు, గాలింపుల్లో ఇల్లు కోల్పోయినవారు, సైనికుల అత్యాచారాలకు గురైనవారు స్త్రీలు. ఒప్పందాల కింద సంతకాలు పురుషులవి.

ఎన్నికల రాజకీయంలోనూ అంతే. 1977లో రానో షాయిజా లోక్‌సభకు గెలిచారు. ఆమె నాగా ఉద్యమ నాయకుడు ఫిజో మేనకోడలు. ఆ తరవాత 2022లో ఫాంగ్నోన్ కొన్యాక్ రాజ్యసభకు వెళ్ళేదాకా రాష్ట్రం నుంచి మరో స్త్రీ పార్లమెంటులో అడుగుపెట్టలేదు.

శాలువా కప్పిన చేతులు

నాగా మదర్స్ అసోసియేషన్ 1984 ఫిబ్రవరి 14న కొహిమాలో పుట్టింది. మొదట్లో దాని పోరాటం తాగుడు మీద, మాదకద్రవ్యాల మీద. మయన్మార్ సరిహద్దు దాటి వచ్చే హెరాయిన్ కొండల్లోని యువకులను కబళిస్తున్న కాలమది. 1989లో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధ చట్టం రావడం వెనుక చర్చితో పాటు ఈ తల్లుల ఒత్తిడీ ఉంది.

తొంభైల నాటికి పరిస్థితి మరీ విషమించింది. ఒకవైపు సైన్యం, మరోవైపు వర్గాలుగా చీలిన సాయుధులు. 1994 డిసెంబరు 27న మొకొక్‌చుంగ్ పట్టణంలో సైనిక చర్య పౌరుల ప్రాణాలు బలిగొంది. స్త్రీలపై అత్యాచారాల ఆరోపణలు వెలువడ్డాయి. ఆవో తెగ స్త్రీల సంఘం వాత్సు ముంగ్‌దాంగ్ బాధితుల పక్షాన నిలిచింది. 1995 మార్చి 5న కొహిమాలో ఒక సైనిక కాన్వాయ్‌లో టైరు పేలింది. ఆ శబ్దాన్ని దాడి అనుకుని జవాన్లు జరిపిన కాల్పుల్లో ఏడుగురు పౌరులు నేలకొరిగారు. ఇవి బయటి తుపాకుల కథలు. లోపలి తుపాకులు తీసిన ప్రాణాలూ తక్కువ కావు. పొద్దున బజారుకు వెళ్ళిన కొడుకు సాయంత్రానికి శవమై తిరిగి వచ్చేవాడు. చంపినవాడు పక్క తెగవాడో, కొన్నిసార్లు సొంత ఊరివాడో.

1994 అక్టోబరులో సంఘం ఒక శాంతి బృందాన్ని ఏర్పాటు చేసింది. ఇక రక్తం చిందించవద్దన్నదే దాని పిలుపు. ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని మృతదేహాల మీద ఈ స్త్రీలు సంప్రదాయ శాలువా కప్పారు. చనిపోయినవాడు ఏ వర్గంవాడని అడగలేదు. నాగా సమాజంలో శాలువా అంటే తెగ, గౌరవం, గుర్తింపు. దిక్కులేని శవానికి అది కప్పడమంటే వీడు మావాడు అని చాటడమే. అదీ పుక్రైలా పనే, తెగల ఎల్లలు దాటి.

శాలువాలతో ఆగలేదు. నెయిదోనువో అంగామి వంటి నాయకురాళ్ళు ఇరువర్గాల నేతలనూ కలిశారు, సరిహద్దు ఆవలి శిబిరాలకూ వెళ్ళారు. నాగా హోహో, విద్యార్థి సమాఖ్య, మణిపూర్‌లోని నాగా మహిళా యూనియన్, చర్చిలతో కలిసి రాయబారాలు నడిపారు. 1997 ఆగస్టు 1న ఐజాక్–ముయివా వర్గంతో, 2001లో ఖాప్లాంగ్ వర్గంతో కేంద్రం కాల్పుల విరమణకు వచ్చింది. ఢిల్లీ లెక్కలు ఢిల్లీకి, వర్గాల లెక్కలు వర్గాలకు ఉన్నాయి కాబట్టి ఆ విరమణలు తల్లుల వల్లనే వచ్చాయనడం అతిశయోక్తి. కాని కుదిరిన విరమణ కింద, ఊళ్ళలో, చావుకు ప్రతి చావు జరగకుండా కాచుకోవడంలో వారి పాత్ర కాదనలేనిది. 2000లో నెయిదోనువో అంగామికి పద్మశ్రీ లభించింది.

ఆ ఏడాదే, అక్టోబరు 31న, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1325వ తీర్మానం ఆమోదించింది. యుద్ధంలో స్త్రీల రక్షణ గురించీ, శాంతి చర్చల్లో వారి భాగస్వామ్యం గురించీ మండలి చేసిన తొలి తీర్మానం అది. దాని అమలుకు భారతదేశం నేటికీ జాతీయ కార్యాచరణ ప్రణాళిక రూపొందించలేదు. అందుకు కారణం కనిపిస్తూనే ఉంది. ప్రణాళిక వేయాలంటే ఈశాన్యంలోనూ కశ్మీరులోనూ ఉన్నది సాయుధ సంఘర్షణ అని అంతర్జాతీయ పరిభాషలో ఒప్పుకోవాలి. శాంతిభద్రతల సమస్యే తప్ప సంఘర్షణ లేదన్నది ఢిల్లీ మాట.

ఒకే ప్రభుత్వం, రెండు దారులు

పీవీ నరసింహారావు ప్రభుత్వం నాగా రాజకీయాల్లోకి రెండు దారులు తెరిచింది. 1995 జూన్‌లో ఆయన పారిస్‌లో ఐజాక్ స్వూ, ముయివాలను కలిశారు. నేటి శాంతి ప్రక్రియకు అదే నాంది. అంతకు ముందు, 1992 డిసెంబరులో, ఆయన హయాంలోనే పార్లమెంటు 73, 74 రాజ్యాంగ సవరణలను ఆమోదించింది. గ్రామ, పట్టణ పాలక సంస్థల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలకు స్థానాలు కేటాయించాలన్నది వాటి సారం.

మొదటి దారి పురుషులతో నిండిపోయింది. స్వరాజ్ కౌశల్, తెలుగువారైన మాజీ హోంశాఖ కార్యదర్శి కె. పద్మనాభయ్య, ఆర్.ఎస్. పాండే, ఆర్.ఎన్. రవి, ఎ.కె. మిశ్రా: కేంద్రం తరఫున సంభాషణ నడిపినవారి వరస ఇది. 2015 ఆగస్టు 3న ప్రధాని సమక్షంలో ముసాయిదా ఒప్పందంపై జరిగిన సంతకాల్లోనూ స్త్రీ చేయి లేదు. తల్లులను సంప్రదించారు, సమావేశాలకు పిలిచారు, మెచ్చుకున్నారు. బల్ల దగ్గర కుర్చీ మాత్రం వేయలేదు. ప్రపంచమంతటా పరిస్థితి ఇంచుమించు ఇదే. 1992–2019 మధ్య ప్రధాన శాంతి ప్రక్రియల్లో సంప్రదింపులు జరిపినవారిలో స్త్రీలు 13 శాతం, ఒప్పందాలపై సంతకం చేసినవారిలో 6 శాతం మాత్రమేనని ఐక్యరాజ్యసమితి లెక్క.

రెండో దారిని స్త్రీలు తామే తెరవబోయారు. 73వ సవరణ నుంచి నాగాలాండ్‌కు రాజ్యాంగమే మినహాయింపు ఇచ్చింది. పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ నుంచి ఇవ్వలేదు. అందుకే 2001లో చేసిన రాష్ట్ర మున్సిపల్ చట్టానికి 2006లో 33 శాతం కేటాయింపు చేర్చక తప్పలేదు. అప్పటికి ఒక్కసారి, 2004లో, కేటాయింపు లేకుండానే ఎన్నికలు జరిగాయి. కేటాయింపు చేరాక ఎన్నికలే ఆగిపోయాయి.

అడ్డు నిలిచిన వాదం 371ఎ అధికరణం. నాగాల మత, సామాజిక ఆచారాలకూ, సంప్రదాయ చట్టానికీ, భూమి యాజమాన్యానికీ సంబంధించి పార్లమెంటు చేసే చట్టం రాష్ట్ర శాసనసభ అంగీకరిస్తే తప్ప అక్కడ చెల్లదని 1962లో చేర్చిన నిబంధన అది. దశాబ్దాల రక్తపాతం తరవాత దక్కిన హామీ కాబట్టి దాని మీద నాగాల మమకారాన్ని తేలికగా తీసివేయలేం. మున్సిపల్ చట్టంలోని ఆస్తిపన్ను తమ భూమికి ఎసరు పెడుతుందన్న భయమూ నిజమైనదే. కాని మున్సిపాలిటీ నాగా ఆచారం కాదు. ఏ పూర్వీకుడూ వార్డు ఎన్నిక జరపలేదు. ఆధునిక రాజ్యం తెచ్చిన పదవిని పురుషుడు అందుకున్నప్పుడు గుర్తుకు రాని ఆచారం స్త్రీ చేయి చాచినప్పుడే ఎందుకు గుర్తుకు వచ్చిందన్నది ఆ కేసు లేవనెత్తిన అసలు ప్రశ్న. గ్రామాభివృద్ధి బోర్డుల్లో నాలుగో వంతు స్థానాలు స్త్రీలకు ఉండాలన్న నియమం 1980 నుంచీ ఉంది. అక్కడ ఆచారం కూలిపోలేదు. బోర్డు నిధులు ఖర్చు చేస్తుంది, మున్సిపాలిటీ పట్టణాన్ని పాలిస్తుంది. తేడా అక్కడే ఉంది.

2012 సెప్టెంబరులో శాసనసభ 74వ సవరణ తమకు వర్తించదని తీర్మానించింది. స్త్రీలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2016 ఏప్రిల్‌లో అక్కడ వారికి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, నవంబరులో శాసనసభ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, 2017 ఫిబ్రవరి 1కి ఎన్నిక ఖరారయింది. ఆ వెంటనే తెగల సంఘాలు నామినేషన్లు వేసినవారిని వెనక్కి తగ్గాలని హెచ్చరించాయి, కొన్నిచోట్ల వెలివేస్తామన్నాయి. కొండల్లో వెలి అంటే ఊరూ, చర్చీ, చుట్టరికమూ ఒక్కసారిగా మూసుకుపోవడమే. తరవాతి కథ కొహిమా మంటల్లో కనిపించింది. పదేళ్ళకు పైగా సాగిన ఆ కేసు చివరకు పౌరహక్కుల ప్రజాసంఘం, పీయూసీఎల్, పేరుమీద నడిచింది.

పొరుగు చెప్పే పాఠాలు

నేపాల్ ఇదే కాలంలో మరో మార్గాన నడిచింది. పదేళ్ళ మావోయిస్టు యుద్ధానికి ముగింపు పలికిన 2006 నవంబరు సమగ్ర శాంతి ఒప్పందంపై గిరిజా ప్రసాద్ కోయిరాలా, ప్రచండ సంతకం చేశారు. అక్కడి బల్ల దగ్గరా స్త్రీలు లేరు. కాని 2008లో ఏర్పడిన రాజ్యాంగసభలో 601 మంది సభ్యులకు 197 మంది స్త్రీలు. 2015 రాజ్యాంగం కింద 2017లో జరిగిన స్థానిక ఎన్నికల్లో పద్నాలుగు వేల మందికి పైగా స్త్రీలు గెలిచారు. ఇది దయతో వచ్చింది కాదు. ఐక్యరాజ్యసమితి నమోదు చేసిన 19,602 మంది మావోయిస్టు సైనికుల్లో 3,846 మంది స్త్రీలు. రాచరికానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన 2006 జనాందోళనలోనూ స్త్రీలు ముందున్నారు. వారు తల్లులుగా వేడుకోలేదు, కొత్త రాజ్యంలో వాటాదారులుగా అడిగారు. అయినా యుద్ధకాలపు అత్యాచార బాధితులకు న్యాయం అందని పండుగానే మిగిలింది. స్థానాలు దక్కినంత మాత్రాన న్యాయం దానంతటదే నడిచి రాదు.

మణిపూర్ పాఠం చేదుగా ఉంటుంది. అక్కడి మైతేయి స్త్రీల మైరా పైబీలు రాత్రివేళ కాగడాలు పట్టి పౌరులను కాచినవారు. 2004 జులై 15న ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ముందు పన్నెండుమంది వివస్త్రలై నిలబడి దేశాన్ని తలదించుకునేలా చేశారు. ఆ నిరసన ఫలితంగా ఏర్పడిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కమిటీ ప్రత్యేకాధికారాల చట్టాన్ని రద్దు చేయాలని 2005లో సిఫారసు చేసింది. సిఫారసు అటకెక్కింది. అదే చట్టానికి వ్యతిరేకంగా పదహారేళ్ళు నిరాహారదీక్ష చేసిన ఇరోమ్ షర్మిల 2017లో శాసనసభకు పోటీ చేస్తే పడిన ఓట్లు 90. త్యాగమూర్తిగా పూజించినవారే ప్రతినిధిగా ఒప్పుకోలేదు. 2023 మే తరవాత మైతేయి, కుకీ–జో వర్గాలు చీలిపోయినప్పుడు స్త్రీలు కూడా ఎవరి పక్షాన వారు కాపలా నిలిచారు. జూన్‌లో ఇథామ్ గ్రామంలో స్త్రీలు ముందు నిలిచిన గుంపు అడ్డుపడటంతో సైన్యం తాను పట్టుకున్న సాయుధులను వదలవలసి వచ్చింది. ఇద్దరు కుకీ–జో స్త్రీలను నగ్నంగా ఊరేగించిన దృశ్యం జులైలో బయటపడింది. స్త్రీ సహజంగానే శాంతమూర్తి అన్న నమ్మకం ఎంత బలహీనమైనదో ఆ వేసవి చూపింది. పుక్రైలా శాంతి కోరింది స్త్రీ అయినందుకు కాదు, రెండు ఊళ్ళూ తనవైనందుకు.

తెరుచుకున్న తలుపు, మూసిన గది

నాగాలాండ్‌లో తలుపు ఆలస్యంగానైనా కదిలింది. 2023 మార్చి 2న వెలువడిన ఫలితాల్లో హెకానీ జఖాలు, సల్హౌతువోనువో క్రూసే శాసనసభకు గెలిచారు. రాష్ట్రం ఏర్పడిన అరవై ఏళ్ళకు అరవై మంది సభలో తొలి స్త్రీలు వారు. క్రూసే మంత్రి కూడా అయ్యారు. ఆ నెలాఖరులోనే, మే నెలకు ప్రకటించిన పట్టణ ఎన్నికలను తప్పించడానికి, శాసనసభ మున్సిపల్ చట్టాన్నే రద్దు చేసింది. సుప్రీంకోర్టు మందలించాక నవంబరులో కొత్త చట్టం వచ్చింది. 2024 జూన్ 26న, ఇరవై ఏళ్ళ తరవాత, 24 పట్టణాల్లో ఎన్నికలు జరిగాయి. ప్రత్యేక రాష్ట్రం కోరుతున్న తూర్పు జిల్లాలు దూరంగా ఉన్నాయి. ఎన్నికైన 278 మందిలో వంద మందికి పైగా స్త్రీలు.

కొత్త చట్టాన్ని దగ్గరగా చదివితే పాత హద్దు మళ్ళీ కనిపిస్తుంది. సభ్యత్వాల్లో మూడో వంతు ఉంది, అధ్యక్ష పదవుల్లో కేటాయింపు తొలగించారు. సభలో కూర్చోవచ్చు, సభను నడపడం మాత్రం వారి హక్కు కాదు.

2015 ముసాయిదా తుది ఒప్పందంగా మారలేదు. జెండా, రాజ్యాంగం అన్న రెండు మాటల దగ్గర చర్చ ఆగి ఉంది. 2021 డిసెంబరు 4న మోన్ జిల్లా ఓటింగ్‌లో గని పని ముగించుకుని వస్తున్న కూలీలను సైనికులు పొరబడి కాల్చిచంపిన ఘటన, ఈ అసంపూర్ణ శాంతి ఎంత పలచనిదో గుర్తుచేసింది. ఆ ఊళ్ళలోనూ శవాలను అందుకున్నది తల్లులూ భార్యలే. తుది ఒప్పందం రాసే రోజు భూమి ఎవరిది, ఆచారం ఎవరు నిర్ణయించాలి, సైన్యం చేసిన నేరాలకు ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలన్నీ బల్ల మీదకు వస్తాయి. ఆ మూడు ప్రశ్నల భారం నేరుగా స్త్రీల మీదనే పడుతుంది.

ఇప్పుడు వంద మందికి పైగా స్త్రీలు పట్టణ సభల్లో చెత్త తరలింపు గురించీ, మంచినీటి గురించీ, మార్కెట్ దుకాణాల గురించీ ఓటు వేస్తున్నారు. చిన్న పనులే. కాని వారు అక్కడికి ఎవరి మరణానికో శాలువా కప్పడానికి పిలిస్తే వెళ్ళినవారు కారు, ఎన్నికై వెళ్ళారు. ఢిల్లీలో నాగా చర్చలు మళ్ళీ మొదలైననాడు ఆ బల్ల చుట్టూ కుర్చీలు వేసేవారు లెక్కపెట్టవలసింది ఈ తేడానే.